బలం తేలాల్సిన చోటు: బొమ్మై తీర్పు, సభలో విశ్వాస పరీక్ష, గడువు సమస్య

1984 ఆగస్టు 16న ఆంధ్రప్రదేశ్ గవర్నరు రామ్‌లాల్, ఎన్.టి.రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగివచ్చిన రామారావు, సభను పిలిస్తే రెండు రోజుల్లో బలం చూపిస్తానన్నారు. ఆయనకు ఆ రెండు రోజులు దొరకలేదు. భాస్కరరావుకు మాత్రం నెల రోజుల గడువు దొరికింది. ఎమ్మెల్యేలు ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ ఎదుట నిలబడ్డారు. పొరుగున రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రిగా ఉన్న కర్ణాటకలో తలదాచుకున్నారు. రామ్‌లాల్ వెళ్లిపోయి శంకర్‌దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

ఈ నెల రోజుల ఘట్టాన్ని ప్రజాస్వామ్య పునరుద్ధరణ ఉద్యమంగా చెప్పుకోవడం తెలుగువారికి అలవాటు. అది సబబే. కానీ రామారావుకు పదవి తిరిగి దక్కింది జనాగ్రహం వల్ల, ప్రతిపక్షాలు దేశమంతటా తెచ్చిన ఒత్తిడి వల్ల. ఏ కోర్టు తీర్పూ ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టలేదు. అంతటి జనాకర్షణ లేని ముఖ్యమంత్రికి, ఎమ్మెల్యేలను ఢిల్లీ దాకా నడిపించే స్తోమతు లేని చిన్న పార్టీకి ఇదే గతి పడితే దిక్కెవరు? పదేళ్ల తర్వాత బొమ్మై తీర్పులో సుప్రీంకోర్టు ఇచ్చిన జవాబు, ఆ జవాబు ఎంతవరకు పనిచేసింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రభుత్వ బలం ఎక్కడ తేలాలో న్యాయస్థానం స్పష్టంగా చెప్పింది. దానితోపాటు ఎప్పటిలోగా తేలాలో కూడా చెప్పిన ప్రతిసారీ ఆ మాట చెల్లింది. గడువు చెప్పనిచోట ఎంత మంచి సూత్రమైనా కాగితం మీదే మిగిలిపోయింది.

బొమ్మైకి ముందు

గవర్నరు చేతిలో రెండు దారులున్నాయి. 164వ అధికరణం ప్రకారం మంత్రులు గవర్నరు ఇష్టం ఉన్నంతకాలమే పదవిలో ఉంటారు. 1984లో రామ్‌లాల్ పట్టుకున్న దారి అదే. రెండోది 356వ అధికరణం. రాష్ట్రంలో రాజ్యాంగబద్ధంగా పాలన సాగే వీలు లేదని నివేదిక పంపితే కేంద్రం రాష్ట్రపతి పాలన విధించవచ్చు. ఈ అధికారం వాడకుండానే మూలపడి ఉంటుందని రాజ్యాంగసభలో అంబేద్కర్ ఆశించారు. జరిగింది అందుకు పూర్తిగా విరుద్ధం. 1994 నాటికే దీన్ని 90 సార్లకు పైగా ప్రయోగించారు. అన్నీ దుర్వినియోగాలని చెప్పలేం. 1954లో ప్రకాశం ప్రభుత్వం సభలో ఓడిపోయాక ఆంధ్ర రాష్ట్రంలోనూ, 1973లో జై ఆంధ్ర ఉద్యమం నడుమ పి.వి.నరసింహారావు రాజీనామా చేశాక ఆంధ్రప్రదేశ్‌లోనూ వచ్చిన రాష్ట్రపతి పాలనల వెనక నిజమైన ప్రతిష్టంభన ఉంది. 1959లో కేరళలో ఇ.ఎం.ఎస్. ప్రభుత్వాన్ని తీసేసినప్పుడు మాత్రం సభలో ఆయన మెజారిటీ చెక్కుచెదరలేదు.

1977లో జనతా ప్రభుత్వం తొమ్మిది కాంగ్రెస్ రాష్ట్రాల మీద పడినప్పుడు విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. రాజస్థాన్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం జోక్యం చేసుకోలేదు. అయితే దురుద్దేశం బయటపడితే పరిశీలిస్తామంటూ తలుపు కొద్దిగా తెరిచే ఉంచింది. మూడేళ్లకు ఇందిరాగాంధీ తిరిగి వచ్చి అదే ఎత్తుగడతో తొమ్మిది రాష్ట్రాల ప్రభుత్వాలను తీసేశారు. ఒకరు నేర్పిన పాఠం మరొకరు అప్పజెప్పారు.

పందొమ్మిది ఉత్తరాలు

1989 ఏప్రిల్‌లో కర్ణాటకలో జరిగినది వివరంగా చూడాలి, ఎందుకంటే సూత్రమంతా ఆ నాలుగు రోజుల్లోనే ఉంది. ఏప్రిల్ 18న జనతాదళ్ ఎమ్మెల్యే కల్యాణరావు మొలకేరి పార్టీ మారి, మద్దతు ఉపసంహరించుకుంటున్నట్టు పందొమ్మిది మంది సభ్యుల పేరిట ఉన్న ఉత్తరాలు గవర్నరుకు అందించారు. అప్పటి గవర్నరు పెండేకంటి వెంకటసుబ్బయ్య తెలుగువారే, కర్నూలు జిల్లా నుంచి ఎదిగిన కాంగ్రెస్ నాయకుడు. మర్నాడే ఆయన నివేదిక ఢిల్లీకి పోయింది. 20వ తేదీన ఆ పందొమ్మిది మందిలో ఏడుగురు, తమ సంతకాలు తప్పుదారి పట్టించి తీసుకున్నవని, తాము ప్రభుత్వంతోనే ఉన్నామని రాసిచ్చారు. ముఖ్యమంత్రి ఎస్.ఆర్.బొమ్మై అదే నెల 27న సభను పిలుస్తామన్నారు. గవర్నరు వారం రోజులు ఆగలేదు. రెండో నివేదిక పంపారు. 21న ప్రభుత్వం పోయింది, సభ రద్దయింది.

కర్ణాటక హైకోర్టు బొమ్మై పిటిషన్‌ను కొట్టేసింది. సుప్రీంకోర్టులో ఈ కేసు నాగాలాండ్, మేఘాలయ కేసులతోనూ, బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత బి.జె.పి. ప్రభుత్వాలను తొలగించిన మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్‌ప్రదేశ్ కేసులతోనూ కలిసింది. తొమ్మిది మంది న్యాయమూర్తులు 1994 మార్చి 11న తీర్పు చెప్పారు. వారిలో ఇద్దరు తెలుగువారు: కె.రామస్వామి, బి.పి.జీవన్‌రెడ్డి. ఇద్దరూ వేర్వేరుగా రాశారు. తర్వాతి కేసుల్లో న్యాయవాదులు ఎక్కువగా ఉదహరించేది ఎస్.సి.అగ్రవాల్‌తో కలిసి జీవన్‌రెడ్డి రాసిన భాగాన్నే.

మొదటి మూడు రాష్ట్రాల ప్రకటనలు చెల్లవన్నారు. తర్వాతి మూడింటిని లౌకికత్వం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమన్న ప్రాతిపదిక మీద సమర్థించారు. ఈ రెండో భాగం మీద నేటికీ వాదోపవాదాలున్నాయి, అది వేరే వ్యాసానికి తగిన విషయం. ఇక్కడ మనకు కావలసినవి నాలుగు. రాష్ట్రపతి ప్రకటనకు ఆధారమైన సమాచారాన్ని కోర్టు చూడవచ్చు. పార్లమెంటు ఉభయసభలూ ఆమోదించేదాకా అసెంబ్లీని రద్దు చేయకూడదు. ప్రకటన చెల్లదని తేలితే సభను, మంత్రివర్గాన్ని కోర్టు పునరుద్ధరించవచ్చు. అన్నింటికన్నా ముఖ్యమైనది, ప్రభుత్వ బలం గవర్నరు సొంత అంచనాకు వదిలే సంగతి కాదు, అది సభలోనే తేలాలి. అంతకుముందు కేంద్ర, రాష్ట్ర సంబంధాలను పరిశీలించిన సర్కారియా కమిషన్ సిఫారసుగా చెప్పిన మాట ఇప్పుడు చట్టమైంది.

బొమ్మైకి మాత్రం ఏమీ దక్కలేదు. తీర్పు వచ్చేసరికి కర్ణాటకలో ఎన్నికలు జరిగి నాలుగేళ్లు దాటింది. ఆయన పేరు చట్టంలో నిలిచింది, ప్రభుత్వం నిలవలేదు. ఆలస్యం ఎంత పని చేస్తుందో ఈ తీర్పే తొలి సాక్ష్యం.

గడువున్న చోట

తీర్పు ప్రభావం కోర్టు బయట ముందుగా కనిపించింది. 1997లో ఉత్తరప్రదేశ్ విషయంలో, 1998లో బిహార్ విషయంలో కేంద్ర మంత్రివర్గం పంపిన సిఫారసులను రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ వెనక్కి పంపారు. 1999లో బిహార్‌లో విధించిన రాష్ట్రపతి పాలనను రాజ్యసభలో నెగ్గించుకోలేక కేంద్రమే ఉపసంహరించుకుంది. సభ రద్దు కాలేదు కాబట్టి రబ్రీదేవి ప్రభుత్వం మళ్లీ వచ్చింది. బొమ్మై తీర్పు పెట్టిన చిన్న షరతు ఒక ప్రభుత్వాన్ని బతికించింది.

1998 ఫిబ్రవరిలో లక్నోలో జరిగింది మరీ విచిత్రం. గవర్నరు రమేశ్ భండారీ రాత్రికి రాత్రి కల్యాణ్‌సింగ్‌ను తీసేసి జగదంబికాపాల్‌ను కూర్చోబెట్టారు. సరిగ్గా మన 1984 నాటి దారే. అలహాబాద్ హైకోర్టు రెండు రోజుల్లో కల్యాణ్‌సింగ్‌ను పునరుద్ధరించింది. సుప్రీంకోర్టు ఇద్దరి బలాన్నీ సభలోనే ఒకేసారి తేల్చమంది. ఫిబ్రవరి 26న కల్యాణ్‌సింగ్‌కు 225 ఓట్లు, పాల్‌కు 196 వచ్చాయి. హైదరాబాద్‌లో నెల రోజులు పట్టిన పని అక్కడ వారం లోపే ముగిసింది. ఒక రాష్ట్రం వీధుల్లో కొట్లాడి సాధించుకున్నది పద్నాలుగేళ్ల తర్వాత మరో రాష్ట్రానికి కోర్టు ఉత్తర్వుతో దక్కింది.

ఆ తర్వాత ఇది ఆనవాయితీ అయింది. 2016లో ఉత్తరాఖండ్‌లో కోర్టు ఆదేశించిన బలపరీక్షలో హరీశ్ రావత్ 33–28తో నెగ్గారు. 2018 మేలో కర్ణాటక గవర్నరు యెడియూరప్పకు 15 రోజులిస్తే, సుప్రీంకోర్టు మర్నాడే బలపరీక్ష జరపమంది. ఆయన ఓటింగ్‌కు ముందే రాజీనామా చేశారు. 2019 నవంబరులో తెల్లవారుజామున ప్రమాణం చేసిన దేవేంద్ర ఫడ్నవీస్ కూడా, మర్నాడే బలపరీక్ష అని కోర్టు చెప్పగానే తప్పుకున్నారు. గడువు కుదిస్తే బేరసారాలకు వ్యవధి ఉండదన్నది ఈ ఉత్తర్వుల వెనక ఉన్న ఆలోచన. ఎమ్మెల్యేలను దాచే రిసార్టు అద్దె ఒక్క రాత్రికి మించనివ్వకపోవడమే దీని కిటుకు.

అయితే సభలో పరీక్ష తలలు లెక్కపెడుతుంది, ఆ తలలు ఎటు నుంచి ఎందుకు వచ్చాయని అడగదు. 2020 మార్చిలో మధ్యప్రదేశ్‌లో 22 మంది ఎమ్మెల్యేలు రాజీనామా చేసి బెంగళూరులో మకాం పెట్టారు. బలపరీక్షకు కోర్టు ఆదేశించగానే కమల్‌నాథ్ ప్రభుత్వం పోయింది. సూత్రం సక్రమంగానే అమలైంది, ఓటరు తీర్పు మాత్రం తలకిందులైంది. అరుణాచల్‌ప్రదేశ్ కథ ఇంకా చేదు. 2016 జులై 13న అయిదుగురు న్యాయమూర్తులు గవర్నరు చర్యలను కొట్టేసి, నబామ్ తుకీ ప్రభుత్వాన్ని తిరిగి నిలబెట్టారు. ఆ విజయం వారం కూడా నిలవలేదు. తుకీ బలపరీక్షకు ముందే తప్పుకున్నారు, పెమా ఖాండూ కాంగ్రెస్ ముఖ్యమంత్రి అయ్యారు, సెప్టెంబరులో దాదాపు మొత్తం శాసనసభా పక్షంతో పార్టీ మారిపోయారు. గవర్నరును ఆపగలిగిన న్యాయస్థానం ఎమ్మెల్యేను ఆపలేకపోయింది.

గడువు లేని చోట

ఎమ్మెల్యేను ఆపడానికి వేరే చట్టం ఉంది. 1985లో 52వ సవరణ పదో షెడ్యూలును చేర్చింది. ఫిరాయింపు అనర్హతను తేల్చే అధికారం స్పీకరుది. 1992లో కిహోతో హోలోహాన్ కేసులో సుప్రీంకోర్టు మూడు–రెండు మెజారిటీతో దాన్ని ఒప్పుకుంది. స్పీకరు ట్రిబ్యునల్‌గా వ్యవహరిస్తారు కాబట్టి ఆయన నిర్ణయం న్యాయసమీక్షకు లోబడే ఉంటుందన్నది. నిర్ణయం చేస్తే సమీక్షించవచ్చు. చేయకపోతే? ఈ సందును అన్ని పార్టీలూ కనిపెట్టాయి, అందులో రెండు తెలుగు రాష్ట్రాలూ ఎవరికీ తీసిపోలేదు.

2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ నుంచి 23 మంది ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లారు, వారిలో నలుగురు మంత్రులయ్యారు. తెలంగాణలో తెలుగుదేశం టిక్కెట్టు మీద గెలిచిన సభ్యుడు టి.ఆర్.ఎస్. ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. 2023 ఎన్నికల తర్వాత బి.ఆర్.ఎస్. నుంచి పదిమంది కాంగ్రెస్ వైపు నడిచారు. వారిలో ఒకరు 2024లో సికింద్రాబాద్ లోక్‌సభ స్థానానికి కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేశారు కూడా. నిన్న బాధితులైనవారు ఇవాళ లబ్ధిదారులు. కాబట్టి దీన్ని ఫలానా పార్టీ దోషంగా చూడటం పరిశోధనకు పనికిరాదు. దోషం చట్టంలో గడువు లేకపోవడంలో ఉంది.

కోర్టు ఈ ముడిని ఆలస్యంగానైనా విప్పబోయింది. 2020 జనవరిలో మణిపుర్ కేసులో, అసాధారణ కారణాలు లేకపోతే మూడు నెలల్లో పిటిషన్లు తేల్చాలన్నది. అక్కడి స్పీకరు కదలకపోతే మార్చిలో 142వ అధికరణం కింద, పార్టీ మారి మంత్రి అయిన సభ్యుణ్ణి పదవి నుంచి తప్పించింది, సభలో అడుగుపెట్టవద్దన్నది. తెలంగాణ పిటిషన్లలో హైకోర్టు సింగిల్ జడ్జి గడువు పెట్టగా డివిజన్ బెంచి దాన్ని కొట్టేసింది. 2025 జులై 31న ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్.గవాయ్, జస్టిస్ ఎ.జి.మసీహ్‌ల ధర్మాసనం డివిజన్ బెంచి తీర్పును రద్దు చేసి, మూడు నెలల్లో తేల్చమని స్పీకరును ఆదేశించింది. అనర్హతను కోర్టే తేల్చాలన్న వినతిని మాత్రం ఒప్పుకోలేదు. నా దృష్టిలో అది సరైన నిగ్రహమే. ఎమ్మెల్యే అనర్హుడో కాదో మొదటి మెట్టులోనే తేల్చడానికి కోర్టు సిద్ధపడితే, గవర్నరు నుంచి లాక్కున్న అధికారాన్ని తన ఒళ్లో పెట్టుకున్నట్టవుతుంది.

కానీ ప్రతి అసెంబ్లీకీ, ప్రతి ఫిరాయింపుకూ సుప్రీంకోర్టు మెట్లెక్కి గడువు తెచ్చుకోవాల్సి రావడం పరిష్కారం కాదు. మణిపుర్ తీర్పు ఇందుకు స్వతంత్ర ట్రిబ్యునల్ గురించి ఆలోచించమని పార్లమెంటును కోరింది. తెలంగాణ తీర్పు, స్పీకర్లకు అప్పగించిన ఈ ఏర్పాటు ఆశించిన ఫలితం ఇస్తోందో లేదో చూసుకోమంది. పార్లమెంటు కనీసం మూడు నెలల గడువునైనా షెడ్యూలులోనే రాయాలి, గడువు దాటితే మంత్రి పదవి దానంతటదే పోయేలా చూడాలి. 2003లో 91వ సవరణతో మూడోవంతు చీలిక మినహాయింపును తీసేసిన పార్లమెంటుకు ఇది కొత్త పని కాదు. పిటిషన్లు తేల్చే అధికారాన్ని స్పీకరుకిచ్చిన ఆరో పేరాలో మాత్రం గడువు అన్న మాట నేటికీ లేదు.