మొటిమలును గంధకమును

మన ప్రాచీన వైద్యులు మొటిమలకు రెండు పేరులు పెట్టిరి. ముఖదూషిక యనునది యొకటి, యువానపిడక యనునది రెండవది. మొదటి పేరు రోగము చేయు పనిని తెలుపును. రెండవది అది పట్టు వయస్సును తెలుపును. సుశ్రుతుడు వీనిని బూరుగుముండ్లతో పోల్చెను. లేత బూరుగుమ్రానును చూచినవారికి ఈ పోలిక యెంత తగియున్నదో వేరుగ చెప్పనక్కరలేదు. అడుగు వెడల్పు, కొన వాడి. పైగా ఆ ముండ్లు మ్రాను లేతగానున్నప్పుడే దట్టముగనుండి, ముదిరినకొలది అరిగిపోవును. మొటిమలును అంతే గదా!

ఆయన చెప్పిన చికిత్సలో వమనము గలదు, లేపనములు గలవు. లేపనములకు వస, లొద్దుగచెక్క, సైంధవ లవణము, ఆవాలు వాడుమనెను. ఇందు గంధకము లేదు. ఈ సంగతిని నేను ముఖ్యముగ గమనింప గోరుచున్నాను. ఏలయనగా, గంధకము మన వైద్యమునకు తెలియనిది కాదు. చరకుడు కుష్ఠచికిత్సలో చెప్పిన లేలీతకము గంధకమేయని పలువురు చెప్పుచున్నారు. తరువాతి రసవైద్యులు దానిని నేతిలో కరగించి, బట్టగుండ పాలలోనికి వడియగట్టి శుద్ధిచేసి వాడిరి. గజ్జికిని, మొండి చర్మరోగములకును అది మహౌషధముగ నుండెను. యువకుల ముఖమునకు మాత్రము సుశ్రుతుడు వేరు త్రోవ త్రొక్కెను.

ఈ భేదమును మన యిండ్లలో మరచిపోయితిమి. మా ప్రాంతమున నొక పడుచువానికి పెండ్లి కుదిరినది. ముఖము నున్నబడవలెనని యింటివారు అంగటి గంధకమును నూరి, ఆముదముతో కలిపి, రాత్రియంతయు పట్టించిరి. తెల్లవారునప్పటికి చర్మము కందిపోయి పొరలు లేచెను. లగ్నమును నెలకుపైగా వెనుకకు జరుపవలసివచ్చెను. గజ్జికి పనిచేసినది ముఖమునకు చేయదా యని వారి తర్కము. గజ్జియందు చర్మములో దూరిన పురుగును చంపవలెను. మొటిమయందు చేయవలసిన పని వేరు. ఈడు వచ్చునప్పుడు చర్మములోని జిడ్డుగ్రంథులు విజృంభించును. రోమకూపపు ముఖమున మృతచర్మమును జిడ్డును కలిసి బిరడావలె బిగియును. లోపల సూక్ష్మజీవులు పెరిగి వాపు పుట్టును. కావలసినది ఆ బిరడాను మెల్లగ సడలించుటయే గాని, పైచర్మమును కాల్చుట కాదు.

పశ్చిమదేశములందు గంధకము ముఖము మీదికి చాల ముందుగనే వచ్చెను. రోమకుడైన ప్లినీ తన ప్రకృతి చరిత్రమున ముఖముపై లేచు పొక్కులకు గంధకమును చెట్టుబంకతో కలిపి రాయవలెనని వ్రాసెను. పాప మతడు క్రీ. శ. 79లో వెసూవియసు అగ్నిపర్వతము బ్రద్దలైనప్పుడు సముద్రతీరమున ఊపిరాడక మరణించెను. అప్పుడు గంధకపు వాసన ముందుగా వచ్చెనని అతని మేనల్లుడు వ్రాసినాడు.

ముఖము కడుగుకొను గంధకపునీటికి ప్రసిద్ధి తెచ్చినది వైద్యుడు కాడు, ఒక నటి పేరు! కారొలీనా కుమ్మర్‌ఫెల్డ్ జర్మను నాటకశాలలలో వేషములు కట్టిన స్త్రీ. రంగస్థలమును విడిచి వైమారు పట్టణమున స్థిరపడి, బాలికలకు కుట్టుపని నేర్పుచు, 1815లో కాలధర్మము నొందెను. ఆమె పేర బరగిన ముఖజలమును జర్మను ఔషధశాలలవారు ఆమె తరువాతను చాలకాలము తయారుచేసిరి. అందలి ద్రవ్యములు మన యింట దొరకునవే: గంధకచూర్ణము, కర్పూరము, తుమ్మబంక వంటి బంక, పన్నీరు, కొందరు సున్నపుతేటను చేర్చుచుండిరి. గంధకము నీట కరగదు, అడుగున పేరుకొనును. బంక దానిని కొంతసేపు తేలియుండజేయును. కనుక సీసాను బాగుగ కదిపి రాయవలెను. కదపనివాడు కర్పూరపు నీటిని మాత్రమే రాచుకొని, గంధకమును సీసాలోనే విడుచును. ఈ యొక్క సంగతి తెలిసినచో గంధకపు మందులను పోల్చుట సులభము.

చూర్ణమెంత మెత్తనో గుణమంత హెచ్చు. గంధకమును సున్నముతో ఉడికించి, ఆమ్లమును కలిపి తేర్చిన గంధకము పాలవలె తెల్లగను, అతి సూక్ష్మముగను నుండును. నూరిన అంగటి గంధకము దానికి సాటిరాదు. గరుకురేణువులు ఒకచోట కాల్చును, ఒకచోట తాకనే తాకవు.

తరువాత సబ్బుల కాలము వచ్చెను. 19వ శతాబ్దపు చివరిభాగమున అమెరికాలో గ్లెన్ గంధకపుసబ్బు పేర పత్రికలనిండ ప్రకటనలు వెలువడెను. సబ్బు చౌక, వాడుట సుఖము. కాని అది ముఖముపై నిలుచుట క్షణకాలము. నురుగుతోబాటు మందును పోవును. అంతకు మించి సబ్బులోని క్షారము, గంధకము రెండును చర్మమును ఎండించునవే. హాంబర్గు నగరవైద్యుడగు పాల్ గెర్సన్ ఉన్నా యీ చిక్కును గ్రహించెను. క్షారమునకు కావలసినదానికన్న కొవ్వును కొంచెము ఎక్కువగ వేసి సబ్బు చేయించి, అందు మందులను కలిపెను. గంధకము కొలదిగనున్నచో పైచర్మమును బాగుపరచుననియు, హెచ్చినచో దానిని ఊడదీయుననియు చెప్పినవాడును అతడే. ఆయన మాటకు మా పెండ్లికుమారుడే సాక్షి.

1950లో అమెరికాలో క్లియరసిల్ అను లేపనము అమ్మకమునకు వచ్చెను. అందు గంధకమును రిసార్సినాల్ అను మందును ఉండెను. మొటిమ కనబడకుండుటకై దానికి చర్మవర్ణము నిచ్చిరి. ఆ వర్ణము పాశ్చాత్యుల చర్మమునకు తగినదగుటచే మనవారి ముఖమున నదియొక క్రొత్తమచ్చ యగుననుట వేరుమాట. దాని బలమంతయు రంగులో లేదు, రాత్రియంతయు ముఖముపై నిలుచుటలో నున్నది.

ఇంతలో గంధకమునకే ఆపద వచ్చెను. 1972లో మిల్స్, క్లిగ్‌మన్ అను పరిశోధకులు కుందేటి చెవిమీదను మనుష్యచర్మముమీదను పరీక్షించి, గంధకము మొటిమలను మాన్పుటకు మారుగా రోమకూపములను మూయునేమో యని ప్రకటించిరి. క్లిగ్‌మన్ చర్మవైద్యమున ప్రఖ్యాతుడు, కావున ఆ మాట గట్టిగ నాటుకొనెను. 1978లో స్ట్రాస్ మొదలగువారు మరల పరీక్షించి, ఆ దోషము తమకు కనబడలేదనిరి. వేయేండ్ల వాడుకయైనను పరీక్షకు నిలువవలసినదే, పరీక్షయైనను రెండవమారు పరీక్షింపబడవలసినదే గదా! కడకు 1991లో అమెరికా ఆహారౌషధ శాఖ, వైద్యుని చీటి లేకయే అమ్మదగిన మొటిమల మందులలో గంధకమునకు తావిచ్చెను. నూటికి 3 మొదలు 10 పాళ్ళవరకు ఉండవచ్చునని నియమించెను.

ఇక పోలికకు వత్తును. మనుమడో మనుమరాలో గంధకపు సబ్బు కావలెనన్నప్పుడు పెద్దలు చూడవలసినది పెట్టెమీది బొమ్మను కాదు. గంధకమెంత పాలున్నదో వ్రాసియున్నదా? లేనిచో పేరుకే గంధకము. కడిగివేయునదైనచో వెంటనే కడుగక, సీసాపై చెప్పినంతసేపు ముఖమున నిలిపితిరా? కంటికి తగులనీయక, దినమున కొకసారితో మొదలిడితిరా? జిడ్డుముఖమునకు కడిగెడి మందు తగియుండును. పొడిచర్మమువారికి సబ్బుకన్న పలుచని లేపనము మేలు. అందును చర్మము పగిలినచో మాని, కొన్నాళ్ళు ఊరకుండవలెను. ఫలము కనబడుటకు వారములు పట్టును. నేడు బెంజాయిల్ పెరాక్సైడు మొదలగు బలమైన మందులు వచ్చి గంధకమును వెనుకకు నెట్టినవి. వానిని ఓర్వలేని చర్మములకు గంధకము నేటికిని మిగిలియున్నది.

వాసనను గూర్చి ఫిర్యాదు పాతది. గంధకము చర్మమును తాకినప్పుడు కుళ్ళిన గ్రుడ్డువాసన గల వాయువు కొంచెము పుట్టును. వెండిని నల్లబరచునదియు అదియే. కడుగునప్పుడు వెండి గొలుసులు తీసియుంచుట మంచిది.

ఒక పొరపాటును మాత్రము తప్పక తొలగింపవలెను. సల్ఫా మాత్రలు పడనివారు గంధకమునకు భయపడుచుందురు. సల్ఫా మందులు వేరు, గంధకము వేరు. కాని కొన్ని ముఖజలములలో గంధకముతోబాటు సల్ఫాసెటమైడు అను సల్ఫా మందును కూడ కలుపుదురు. సల్ఫా పడనివారికి అది నిజముగనే అపాయము. కావున అట్టివారు పెట్టెను వైద్యునికి చూపి, ఆ పేరు దానిపై నున్నదా లేదా యని యడిగి, పిమ్మట వాడవలెను.