పొట్లం నుంచి పెట్టె దాకా: మా కాగితం పని కథ

ఏటా ఈ పుస్తకంలో మా సంఘం పేజీకి పొదుపు ఎంత, తీసుకున్న అప్పు ఎంత, కట్టింది ఎంత అని రాసిచ్చి ఊరుకునేవాళ్ళం. ఈసారి మీరు చేసే పని చరిత్ర రాయండి అన్నారు. మా పని కాగితం కవర్లు, అట్టపెట్టెలు. దానికి చరిత్రేముంటుంది అని మొదట నవ్వుకున్నాం. పెద్దవాళ్ళని అడిగి, కొంత చదివి చూస్తే చాలానే ఉంది.

మాది గోదావరి పక్క ఊరు. మా నాయనమ్మల కాలంలో కొట్టుకి వెళ్తే సంచీ, నూనె గిన్నె ఇంటి నుంచే పట్టుకెళ్ళాలి. పూలు అరిటాకులో కట్టిచ్చేవారు. మాంసమైతే తామరాకులోనో టేకాకులోనో. పంచదార, జీలకర్ర, పప్పులు మాత్రం పేపరు పొట్లం. కొట్లో పైనుంచి దారం ఉండ వేలాడుతూ ఉండేది. కొట్టాయన పేపరు ముక్కని శంఖంలా చుట్టి, సరుకు పోసి, మూతి మడిచి, దారం రెండు చుట్లు తిప్పి పుటుక్కున తెంపేవాడు. ఇంటికొచ్చాక దారం దాచుకునేవాళ్ళు. కాగితం మీద సినిమా బొమ్మ ఉంటే పిల్లలు కొట్టుకునేవాళ్ళు, లేకపోతే పొయ్యి అంటించడానికి. ఒక్క పేపరు చదివినాయన దగ్గర ఒకసారి, కొట్లో ఒకసారి, పొయ్యి దగ్గర ఒకసారి పనికొచ్చేది. రీసైక్లింగ్ అనే మాట అప్పటికి ఊళ్ళో ఎవరికీ తెలీదు.

కొట్లో పొట్లాలతో పాటు అంటించిన కవర్లూ ఉండేవి. అవి ఎవరు చేసేవారో ఏ పుస్తకంలోనూ మాకు కనపడలేదు. చేసింది మా అమ్మలు, అత్తలు. చిత్తు కాగితాల కొట్టు నుంచి పాత పేపర్లు, పరీక్షలయ్యాక అమ్మేసిన నోటుబుక్కులు కిలోల లెక్కన తెచ్చుకునేవారు. మధ్యాహ్నం గిన్నెలు తోమేసుకుని వీధి అరుగు మీద కూచుని అంటించేవారు. వంద కవర్లు ఒక కట్ట, కట్టకి ఇంత అని డబ్బు. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేసేవారు. అది విషం. తినే సరుకు కవర్లకి అది కలిపారంటే ఇప్పుడు భయమేస్తుంది. మేం అది వాడం, ఏ రోజు జిగురు ఆ రోజే కాచుకుంటాం.

ఇంతకీ కాగితం అంటే చెట్లు నరకడమే అని మనందరం అనుకుంటాం గదా. మొదట్లో అలా లేదు. చైనాలో సుమారు 105వ సంవత్సరంలో కాయ్ లున్ అనే రాజోద్యోగి కాగితం చేసే పద్ధతిని బాగుచేశాడంటారు. ఆయన వాడినవి చెట్టు బెరడు, జనపనార, చిరిగిన గుడ్డలు, పాత చేపల వలలు. యూరప్‌లో కూడా వందల ఏళ్ళు పాత గుడ్డలే నానబెట్టి దంచి కాగితం తీశారు. కర్రని గుజ్జు చేయడం 1840ల్లో జర్మనీలో మొదలైంది. అంటే కాగితం పుట్టుకే పాత సామానుతో, చెట్టు మీద పడింది ఈ రెండు వందల ఏళ్ళ లోపే. మన రాజమండ్రి మిల్లుకి మూలం 1924 నాటి కర్నాటిక్ పేపర్ మిల్లు. మన్యం వెదురు అక్కడ కాగితమైంది. ఇప్పుడు రైతులు వేసే సుబాబుల్, సరుగుడు, జామాయిల్ కర్ర వెళ్తోంది. మా ఊరి చుట్టూ ఆ తోటలే.

కవరు అడుగు చదునుగా ఉంటే దాన్ని నిలబెట్టి సరుకు పోయొచ్చు. ఆ అడుగుని మడిచి అంటించే యంత్రం కనిపెట్టింది ఒక ఆడమనిషి అని తెలిసిన రోజు మా సమావేశంలో చప్పట్లు కొట్టాం. అమెరికాలో మార్గరెట్ నైట్ అని, చిన్నపిల్లగా బట్టల మిల్లులో కూలికి వెళ్ళినావిడ. కాగితం సంచుల కంపెనీలో పనిచేస్తూ ఆ యంత్రం తయారుచేసింది. చార్లెస్ అన్నన్ అనే ఆయన దాన్ని చూసి వెళ్ళి తన పేరున పేటెంటు పెట్టుకున్నాడు. ఆవిడ ఊరుకోలేదు, కోర్టుకెక్కింది. తను గీసుకున్న బొమ్మలు, రాసుకున్న లెక్కలు చూపించి గెలిచి 1871లో తన పేరున పేటెంటు తెచ్చుకుంది. మినిట్స్ పుస్తకం ఎందుకు రాయాలి అని విసుక్కునే మా వాళ్ళకి ఇప్పుడు ఈవిడ కథే చెప్తున్నాం.

తర్వాత ప్లాస్టిక్ కవరు వచ్చింది. తడవదు, చిరగదు, కొట్టాయనకి చవక. అరుగుల మీద పని మెల్లగా ఆగిపోయింది. కాలవలో కవర్లు అడ్డం పడి వాన నీళ్ళు ఇళ్ళలోకొస్తేగానీ దాని సంగతి మనకి అర్థం కాలేదు. ప్రభుత్వం 1999లో 20 మైక్రాన్ల కంటే పల్చనివి వద్దంది, 2011లో 40 అంది, 2016లో 50 అంది. 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. మందం పెరుగుతూనే ఉంది, కవర్లూ తిరుగుతూనే ఉన్నాయి.

మా సంఘం మళ్ళీ మొదలెట్టింది పాత పేపరు కవర్లతోనే. బజ్జీల బళ్ళకి వేసేవాళ్ళం. ఒకరోజు బండాయన కట్టలన్నీ వెనక్కి తెచ్చి పడేశాడు. బజ్జీ మీద సిరా అచ్చు పడిందని ఎవరో గొడవ చేశారట. మాకు కోపం వచ్చింది కానీ తప్పు మాదే. న్యూస్‌పేపరులో తినేవి చుట్టకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 నిబంధనల్లోనే పెట్టింది. మాకు తెలీదు.

అప్పుడు అప్పు తీసుకుని గోధుమ రంగు క్రాఫ్ట్ కాగితానికి మారాం. క్రాఫ్ట్ అంటే జర్మన్ భాషలో బలం అట. 2022 జులై 1న స్ట్రాలు, ప్లాస్టిక్ స్పూన్ల లాంటి ఒక్కసారి వాడి పారేసేవి ఆపేశాక ఆర్డర్లు పెరిగాయి. మేం చాలా మంచి పని చేస్తున్నామని కొంచెం గర్వం కూడా వచ్చింది. కానీ బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వేసిన లెక్క ఒకటి విన్నాం. భూమి వేడెక్కే విషయంలో కాగితం సంచీ పల్చటి ప్లాస్టిక్ సంచీతో సమానం కావాలంటే దాన్ని 3 సార్లు వాడాలట. మన దగ్గర రెండోసారి వాడేదెవరు? కాగితం చేయడానికి నీళ్ళు, కరెంటు బాగా కావాలి మరి. పాత కాగితం మిల్లుకి వెళ్తే నీళ్ళలో చిలికి మళ్ళీ గుజ్జు చేస్తారు. ప్రతిసారీ నార పొట్టిదవుతుంది. అయిదారు సార్ల తర్వాత అంటుకోదు, కొత్త గుజ్జు కలపాల్సిందే. మైదా జిగురు నీళ్ళలో కరిగిపోతుంది. నూనె, నెయ్యి, ప్లాస్టిక్ పొర వదలవు.

ఈ ఏడాది గొడవంతా ఆ పొర మీదే. మన ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాగితంలాంటి ఆ స్వీటుకి అట్టపెట్టె కావాలి. ఒక వ్యాపారి పండగకి పెద్ద ఆర్డరు ఇస్తానని, పెట్టె తళతళలాడేలా పైన ప్లాస్టిక్ పొర వేయమన్నాడు. మేం వాడే అట్ట వెనక బూడిద రంగులో ఉంటుంది, అది పాత కాగితంతో చేసిందే. పొర వేస్తే ఇక అది తిరిగి మిల్లుకి పనికిరాదు, చిత్తు కాగితాల కొట్టాయన కూడా పక్కన పడేస్తాడు. సమావేశంలో ఒక అక్క ఏడ్చినంత పని చేసింది. "మిల్లు సంగతి మీరు చూసుకోండమ్మా, బ్యాంకు వాయిదా ఎవరు కడతారు?" అంది. ఆవిడ మాట అబద్ధం కాదు. ఆ రాత్రి తీర్మానం రాయకుండానే లేచాం.

మర్నాడు ముగ్గురం వెళ్ళి వ్యాపారిని కలిశాం. పొర లేకుండా, లోపల బటర్ పేపరు పరిచి, నెయ్యి అట్టకి అంటకుండా చేసిన పెట్టె చూపించాం. "బాగుందమ్మా, కానీ మెరవట్లేదు" అన్నాడు. చివరికి సగం ఆర్డరు ఇచ్చాడు, మిగతా సగం వేరేవాళ్ళకి పోయింది. రెండు వాయిదాలు మా పొదుపులోంచే కట్టాం. ఆ అక్క ఇప్పటికీ మా మీద కోపంగానే ఉంది, పనికి మాత్రం రోజూ వస్తోంది. సంక్రాంతికి అదే పెట్టె ఇంకొంచెం గట్టిగా చేసి చూపిస్తామని వ్యాపారికి చెప్పాం. అట్ట తెప్పించాం, కత్తిరింపు మొదలైంది.