నల్లరేగడి నేలపై పాత కార్లు

యంత్రమునకు వయస్సు మీరినకొలది దాని విలువ తగ్గుట లోకసహజము. కాని కొన్ని యంత్రముల విషయమున ఒక హద్దు దాటిన పిమ్మట ఈ సూత్రము తలక్రిందులగును. నలువది ఏండ్లనాటి కారును కంటికి రెప్పవలె కాపాడుకొని, ఆదివారమునాడు కడిగి తుడిచి, గుంటూరు నుండి చిలకలూరిపేట మీదుగా ఒంగోలు వరకు నడుపుకొని పోవుటలో ఆనందము పొందువారు నేటికిని ఉన్నారు. కొత్త కార్లు చల్లగా, చప్పుడు లేకుండా, వేగముగా పోవుచుండగా ఈ పాత బండ్లపై మక్కువ యేల? దీనికి సమాధానము కొంత చరిత్రలోను, కొంత విజ్ఞానశాస్త్రములోను కలదు.

మన దేశమున కార్ల చరిత్ర దిగుమతులతో ప్రారంభమైనది. 1928లో జనరల్ మోటార్స్ కంపెనీ విదేశముల నుండి భాగములను తెప్పించి బొంబాయిలో వాహనములను బిగించుట మొదలుపెట్టినది. 1942లో హిందుస్థాన్ మోటార్స్, 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ అను భారతీయ సంస్థలు ఏర్పడినవి. భాగములను ఇచటనే తయారుచేయు ప్రణాళిక లేని కంపెనీలు తప్పుకొనవలెనని 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు చేసెను. మరుసటి సంవత్సరమే జనరల్ మోటార్స్ ఇచట బిగింపు పనిని ఆపివేసినది. కార్ల తయారీలో ముఖ్యముగా మూడు సంస్థలు మిగిలినవి: కలకత్తా సమీపమున ఉత్తరపారాలో హిందుస్థాన్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్.

ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాతో 1957 ప్రాంతమున అంబాసిడర్ వెలువడెను. ఇటలీవారి ఫియట్ 1100 కారు ప్రీమియర్ కర్మాగారమున తయారై, 1970 దశకమున పద్మిని అను పేరు దాల్చెను. మద్రాసు నుండి 1961లో స్టాండర్డ్ హెరాల్డ్ వచ్చినది. 1983 డిసెంబరు 14న తొలి మారుతి కారు యజమాని చేతికి అందువరకు ఈ మూడు సంస్థల కార్లే మన రోడ్లను ఏలినవి.

పోటీ లేనందున కొనువారికి నష్టమే జరిగినది. డబ్బు చెల్లించి కారు కొరకు ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. వచ్చిన కారులో కొత్తదనము తక్కువ. అయితే ఈ లోపము నుండియే అనుకోని మేలు ఒకటి కలిగినది. 2014 మే మాసమున ఉత్పత్తి ఆగిపోవువరకు, అనగా అర్ధశతాబ్దికి పైగా, అంబాసిడర్ ఆకారము పెద్దగా మారలేదు. ఒక బండి భాగము మరియొక బండికి సరిపోవును. దొరకని భాగమును లేతు మిషను గల మేస్త్రి తయారుచేసి ఇచ్చును. విజయవాడ ఆటోనగరు, గుంటూరు ఆటోనగరులలోని షెడ్లలో ఈ విద్య తండ్రి నుండి కుమారునికి, గురువు నుండి శిష్యునికి సంక్రమించినది. యంత్రము మారనిచో దానిని గూర్చిన జ్ఞానము గట్టిపడునని చెప్పుటకు ఇదియొక నిదర్శనము.

పత్తికి, మిరపకు ధర పలికిన యేట కారు కొనుట, ధర పడిన యేట అమ్ముకొనుట మన పల్లెలలో వింత కాదు. ఆ విధముగా ఒక్కొక్క కారు పలువురి చేతులు మారినది. పెండ్లివారిని మోసినది, పురిటికి ఆసుపత్రికి చేర్చినది, ఎన్నికల ప్రచారమునకు తిరిగినది. పాత వాహనమును తెలుగువారందరు చూచిన సందర్భము 1982లో వచ్చెను. ఎన్.టి. రామారావు ఆ యేడు మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించి, పాత షెవర్లే వ్యానునొకదానిని ప్రచారమునకు అనువుగా మార్పించి, దానిపై రాష్ట్రమంతయు పర్యటించెను. కుమారుడు హరికృష్ణ దానిని నడిపెను. చైతన్యరథమని పేరొందిన ఆ వాహనము వలన, పాతబడిన ఇంజను సైతము జాగ్రత్తగా చూచుకొన్నచో ఎంత దూరమైనను పోగలదని ప్రజలు కన్నులారా చూచిరి.

ఇక శాస్త్రవిషయమునకు వత్తము. మన నల్లరేగడి మట్టిలో మాంట్‌మొరిల్లోనైట్ అను ఖనిజము కలదు. ఇది వానకాలమున నీటిని పీల్చి ఉబ్బును. ఎండకాలమున ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. కనుక దీనిపై వేసిన రోడ్డు అలలవలె ఎగుడుదిగుడగును. అంబాసిడర్ ముందు చక్రములకు మెలిపడు ఉక్కు కడ్డీలు, వెనుక చక్రములకు కమాను కట్టలు ఉండును. కడ్డీ మెలిపడుట, కమాను వంగుట రెండును తరగతిలో మనము చెప్పు హుక్ సూత్రమునకు ఉదాహరణములే. నేల నుండి ఎత్తుగా ఉన్న ఆ బండి డొంకదారిని సైతము ఓర్చుకొనుట ఇందువలననే.

రెండవ పరీక్ష వేసవి. మే నెలలో గుంటూరు, ఒంగోలు ప్రాంతములలో ఎండ 45 డిగ్రీల సెల్సియస్ వరకు పోవుట కలదు. బానెట్టు క్రింద వేడి అంతకంటె ఎక్కువ. పెట్రోలులోని తేలిక భాగములు సుమారు 40 డిగ్రీలకే మరుగుట ప్రారంభించును. ఆ కాలపు కార్లలో పెక్కింట ఇంజనునకు తగిలించిన పంపు వెనుకనున్న ట్యాంకు నుండి పెట్రోలును పీల్చును. పీల్చునపుడు గొట్టములో పీడనము తగ్గును. పీడనము తగ్గిన మరుగు స్థానమును తగ్గును. గొట్టములో ఆవిరి బుడగలు చేరి, పంపు ద్రవమును లాగలేక కారు నడిరోడ్డున ఆగిపోవును. అపుడు అనుభవజ్ఞుడైన డ్రైవరు పంపుపై తడిగుడ్డ చుట్టి కొంతసేపు నీడన కూర్చుండును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు 540 కెలోరీలకు తక్కువ కాని వేడి కావలెను. ఆ వేడిని పంపు నుండియే తీసికొనుటచే అది చల్లబడును. గుప్తోష్ణమును గూర్చి ఇంతకంటె చక్కని పాఠమేది?

కార్బురేటరు మరియొక పాఠము. గొట్టము సన్నబడిన చోట గాలి వేగము హెచ్చును, పీడనము తగ్గును. ఈ నియమమును బెర్నూలీ 1738లో ప్రకటించెను. అచట పెట్టిన సన్నని జెట్టు గుండ పెట్రోలు ఎగసి గాలితో కలియును. ఒక పాలు పెట్రోలునకు బరువులో ఇంచుమించు 15 పాళ్లు గాలి కావలెను. చలివేళ ఉదయమున చోకు లాగుట గాలిని తగ్గించి ఈ పాళ్లను మార్చుటకే. కొత్త కారులో ఈ పనిని కంప్యూటరు చేయును. పాత కారులో డ్రైవరు చెవియే కంప్యూటరు. ఇంజను శబ్దము విని పాళ్లను గుర్తించుటలో ఒక ఆనందమున్నది. వీణ శ్రుతి చేయువానికి కలుగు ఆనందము వంటిదే అది.

అయితే ఈ ఇష్టము గ్రుడ్డిది కారాదు. ఇంజను కొట్టుకొనకుండుటకు పెట్రోలులో సీసపు సమ్మేళనమును కలుపు పద్ధతిని 1921లో అమెరికాలో మిడ్జిలీ కనుగొనెను. ఆ సీసము వాల్వుల పీటలపై పూతవలె పేరుకొని అరుగుదలను ఆపెడిది. కాని పొగలో వెలువడి పిల్లల మెదడునకు హాని చేసెడిది. 2000 ఫిబ్రవరి 1 నుండి మన దేశమంతట సీసము లేని పెట్రోలే అమ్మబడుచున్నది. అందుచేత పాత ఇంజనులకు గట్టి ఉక్కుతో చేసిన పీటలను బిగించుకొనవలసి వచ్చినది. పిల్లల ఆరోగ్యముతో పోల్చిన ఇది పెద్ద ఖర్చు కాదు.

ఇప్పుడు మరియొక మార్పు వచ్చినది. 2025 నాటికి పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది. ఇథనాలు నీటిని పీల్చును. పాత రబ్బరు గొట్టములను ఉబ్బించును. దానిలోనే ఆక్సిజన్ ఉండుటచే పెట్రోలు, గాలి పాళ్లు మారి, ఇంజను అధికముగా వేడెక్కవచ్చును. కొత్త కారు దీనిని తానే గుర్తించి సరిదిద్దుకొనును. పాత కారునకు ఆ తెలివి లేదు గనుక యజమానియే గొట్టములు మార్చి, కొంచెము పెద్ద జెట్టును అమర్పించుకొనవలెను. నిలువయుంచిన కారు ట్యాంకులో నీరు చేరకుండ చూచుకొనవలెను.

పాత కారు పొగ ఎక్కువ వదలును. ప్రమాదమున ప్రయాణికులను కాపాడు ఏర్పాట్లు దానిలో తక్కువ. దినదినము తిరుగుటకు అది తగదు. సొంత కారునకు 15 ఏండ్లు నిండిన పిమ్మట తనిఖీ చేయించి, రిజిస్ట్రేషనును అయిదేసి ఏండ్లకు పొడిగించుకొనవలెను. 2021లో కేంద్ర ప్రభుత్వము మరియొక మార్గము చూపినది: మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, మూలరూపము చెడని వాహనములను వింటేజి వాహనములుగా నమోదు చేయవచ్చును. వాటిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, శాస్త్ర పరిశోధనకు నడుపవచ్చును గాని నిత్య ప్రయాణమునకు గాని బాడుగకు గాని వాడరాదు. 1970 దశకపు తొలినాళ్ల అంబాసిడర్లు, ఫియట్లు ఇపుడు ఈ వయస్సునకు చేరినవి.

కార్లు మిగులుటకంటె వాటిని బాగుచేయు విద్య మిగులుట కష్టము. చెవితో ఇంజను రోగము గుర్తించు మేస్త్రులు వృద్ధులగుచున్నారు. వారి శిష్యులు కంప్యూటరు తగిలించు పనికి మరలినారు. ఆ విద్య పుస్తకములలో లేదు. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు తమ ఊరి షెడ్డునకు విద్యార్థులను ఒక పూట తీసికొనిపోయి, పాత కారు బానెట్టు ఎత్తించి చూపించవలెను. మేస్త్రి చెప్పు మాటలను విద్యార్థులు వ్రాసికొనవలెను. కొత్త కారు బానెట్టు క్రింద కనబడునది ప్లాస్టిక్ మూత మాత్రమే. పాత కారులో కమాను, పంపు, కార్బురేటరు, వాల్వు అన్నియు కంటికి కనబడును, చేతికి అందును.