కోషర్ అంటే శుద్ధి కాదు

యూదుల తిండి నియమాల్లో వినిపించే ‘కోషర్’కు హీబ్రూలో అసలు మాట ‘కాషేర్’. తగినది, యోగ్యమైనది అని అర్థం. తూర్పు ఐరోపా యూదుల నోట అది కోషర్ అయింది. వాళ్ల యిద్దిష్ భాషలోంచి ఇంగ్లీషులోకి, అక్కణ్ణుంచి మనదాకా వచ్చింది. బైబిల్లో ఎస్తేరు గ్రంథంలో ఈ ధాతువు ఉంది, కానీ అక్కడ తిండి ఊసే లేదు. రాజుకు ఒక పని సబబుగా తోస్తే అన్న సందర్భం. నేటికీ సాక్షి కోషర్ కావచ్చు. ఒక్క అక్షరం లోపించిన తోరా (యూదుల ధర్మగ్రంథం) చుట్ట కోషర్ కాదు.

దీనికి ఎదురుమాట ‘ట్రేఫ్’. మూలంలో ‘మృగం చీల్చినది’ అని. ఎంత పచ్చి మాటో చూడండి.

తిండి విషయానికొస్తే, కోషర్ కావాలంటే చేపకు రెక్కలూ పొలుసులూ ఉండాలి, ఆ పొలుసు చర్మం చిరక్కుండా ఊడిరావాలి. శీలావతి పనికొస్తుంది, వాలుగ పనికిరాదు. ఇంతవరకు తేలికే. పాలూ మాంసమూ కలవకూడదు కదా, మరి పాల చెంచా పొరపాటున మాంసం కూరలో పడితే? అప్పుడు రబ్బీని, అంటే యూదు మతగురువును అడగాలి. ఆ ప్రశ్నకు ‘షైలా’ అని పేరు. కూర వేడిగా ఉందా, ఆ చెంచా గత 24 గంటల్లో వేడి పాలలో పడిందా, మునిగిన చెంచా భాగానికి కూర 60 రెట్లుందా అని ఆయన ఆరా తీస్తాడు. అరవై రెట్లుంటే కూర తినవచ్చు. కొలిచి చూడకుండా పారబోయమనని ఈ పద్ధతి నాకెంతో నచ్చుతుంది.

రబ్బీ దీవించడం వల్ల ఏదీ కోషర్ కాదు. అందుకే తెలుగులో దీన్ని ‘పవిత్రం’ అని రాయకండి, ‘యోగ్యం’ అని రాయండి.