పిండి, పంచదార, టీ పొడి: ఆస్ట్రేలియాలో పేదల పళ్ళెం మీద పెత్తనం

"మనం కట్టే పన్నుల్లోంచి ఇచ్చే సొమ్మే కదా, దానితో కూల్‌డ్రింకులూ చిప్సూ కొనుక్కోవడమేమిటి? పళ్ళూ కూరగాయలూ మాత్రమే కొనేటట్టు కట్టడి చేస్తే పోలేదా?" మన తెలుగువాళ్ళు నలుగురు కూడినచోట ఎప్పుడో ఒకప్పుడు వినబడే మాట ఇది. అడగకూడని ప్రశ్నేమీ కాదు. అమెరికాలో న్యూయార్క్ నగరం ఫుడ్ స్టాంపులతో తీపి పానీయాలు కొననివ్వబోమని అనుమతి అడిగితే 2011లో కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2025లో నెబ్రాస్కాతో మొదలుపెట్టి పలు రాష్ట్రాలకు అలాంటి అనుమతే ఇచ్చింది. ఆస్ట్రేలియాలో మాత్రం పేదవాడు ఏం తినాలో పైవాడు నిర్ణయించడం నూటయాభై ఏళ్ళకు మించిన కథ. ఆ కథను ఒకసారి తిరగేస్తే మన ప్రశ్నకు జవాబు చాలావరకు అక్కడే దొరుకుతుంది.

రేషన్ మూటలు

పందొమ్మిదో శతాబ్దంలో తెల్లవాళ్ళు గొర్రెల కోసం, పశువుల కోసం ఈ దేశపు నేలను ఆక్రమించుకుంటూ పోయారు. ఆదిమవాసుల వేట మైదానాలు, నీటి మడుగులు వాళ్ళ చేతుల్లోంచి జారిపోయాయి. కంగారూ మాంసం, చేపలు, దుంపలు, అడవి గింజలు నూరి చేసుకున్న రొట్టె – వేల ఏళ్ళుగా తిన్న తిండి కొద్ది తరాల్లో దూరమైంది. దానికి బదులుగా మిషన్లలో, పోలీసు ఠాణాల్లో, పశువుల ఎస్టేట్లలో దొరికినవి తెల్ల పిండి, పంచదార, టీ పొడి. అప్పుడప్పుడు మాంసం, పొగాకు, ఒక కంబళి.

ఈ సరుకుల్ని ఎవరూ ఆరోగ్యం చూసి ఎంచలేదు. చవక, చెడిపోవు, ఎద్దుబళ్ళ మీదా ఒంటెల మీదా ఎంత దూరమైనా మోయవచ్చు. పైగా మూట పుచ్చుకున్నవాడు చెప్పినచోట ఉండాలి, చెప్పిన పని చెయ్యాలి. చాలా ఎస్టేట్లలో జీతానికి బదులు కూడా రేషనే. 1966 ఆగస్టు 23న వేవ్ హిల్ ఎస్టేటులో విన్సెంట్ లింగియారి నాయకత్వాన గురింజీ ప్రజలు పని మానేసి బయటికి నడిచినప్పుడు, ఆ కోపంలో పిండి, పంచదార, టీ, ఉప్పు మాంసాలతో సరిపెట్టిన బ్రతుకు కూడా ఉంది. ఆ సమ్మె చివరికి భూమి హక్కు పోరాటమైంది.

ఈనాడు ఆదిమవాసుల్లో మధుమేహం మిగతా ఆస్ట్రేలియన్ల కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ. అందుకు ఒక్క రేషనే కారణమని అనలేం. కానీ "వీళ్ళకు మంచి తిండి అలవాటు లేదు" అనే ముందు, ఆ చెడ్డ తిండిని మొదట ఎవరు వడ్డించారో గుర్తుంచుకోవాలి.

ఒకే జాబితాలో మనమూ

1908లో ఆస్ట్రేలియా వృద్ధాప్య పింఛను చట్టం చేసింది. అది ఎవరికి వర్తించదో చెప్పే జాబితాలో ఆదిమవాసుల పక్కనే ఆసియావాసులు ఉన్నారు. ఈ దేశంలో పుట్టిన ఆసియావాసులకు మాత్రమే మినహాయింపు. 1912లో తల్లులకు కాన్పుకు 5 పౌన్ల నగదు ఇచ్చే చట్టం వచ్చింది. అందులోనూ ఆసియా స్త్రీలను, ఆదిమవాసి స్త్రీలను పక్కన పెట్టారు. బ్రిటిష్ ఇండియాలో పుట్టినవారికి పింఛను తలుపు 1926లో తెరుచుకుంది. ఆదిమవాసుల్లో ఎక్కువమందికి 1959 దాకా ఆ భాగ్యం లేదు. సంచార జీవులన్న పేరుతో మరికొందరిని 1966 వరకు ఆపారు.

కాబట్టి "వాళ్ళూ మనమూ" అని విడదీసి మాట్లాడేటప్పుడు ఈ జాబితా సంగతి మన పిల్లలకు చెప్పడం మంచిది. ఆ రోజుల్లో చట్టం దృష్టిలో మనమూ వాళ్ళలోనే ఉన్నాం.

తెల్లవాళ్ళూ తిరగబడ్డారు

తిండి కట్టడి ఆదిమవాసులకే పరిమితం కాలేదు. 1930ల ఆర్థిక మాంద్యంలో పని పోయిన లక్షలాది కుటుంబాలకు చాలాచోట్ల నగదు ఇవ్వలేదు. రొట్టెకూ మాంసానికీ సరుకులకూ కూపన్లు ఇచ్చారు. డబ్బిస్తే తాగేస్తారన్న అనుమానం అప్పుడూ ఉంది. దక్షిణ ఆస్ట్రేలియాలో రేషన్‌లోంచి గొడ్డు మాంసం తీసేసి గొర్రె మాంసం ఇస్తామన్నారు. 1931 జనవరి 9న నిరుద్యోగులు పోర్ట్ అడిలైడ్ నుంచి అడిలైడ్ నగరానికి ఊరేగింపుగా వచ్చారు. పోలీసులతో పెద్ద ఘర్షణ జరిగింది. చరిత్రలో దానికి 'బీఫ్ రయట్' అని పేరు.

గొర్రె మాంసం తినరానిదేమీ కాదు. ఆ జనాన్ని వీధికెక్కించింది ఒక్క రుచి కాదు, తమను అడక్కుండా తమ పళ్ళెం మార్చేయడం. 1945లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ నిరుద్యోగ భృతి మొదలుపెట్టినప్పుడు దాన్ని నగదుగానే ఇచ్చింది.

కార్డు వచ్చింది

2007 జూన్‌లో హోవర్డ్ ప్రభుత్వం పిల్లల రక్షణ పేరుతో నార్దర్న్ టెరిటరీలో అత్యవసర చర్య ప్రకటించింది. 73 ఆదిమవాసి సముదాయాల్లో భృతిలో సగం డబ్బును తిండికీ బట్టకూ అద్దెకూ మాత్రమే ఖర్చయ్యేటట్టు పక్కన పెట్టారు. ఇందుకోసం 1975 నాటి జాతి వివక్ష నిషేధ చట్టాన్ని ఆ ప్రాంతంలో నిలిపివేయాల్సి వచ్చింది. 2008లో 'బేసిక్స్ కార్డ్' వచ్చింది. దానితో మద్యం, పొగాకు, జూదం, అశ్లీల సరుకు కొనకూడదు. కూల్‌డ్రింకు మాత్రం కొనవచ్చు. చెడు ఖర్చు ఆగితే మిగిలిన డబ్బు మంచి తిండికి పోతుందని ప్రభుత్వం లెక్క.

ఆ లెక్క తేలిందా? ఆర్నెమ్ ల్యాండ్ ప్రోగ్రెస్ అబోరిజినల్ కార్పొరేషన్ నడిపే 10 దుకాణాల అమ్మకాలను పరిశోధకులు పరిశీలించారు. 2010లో ప్రచురించిన ఫలితం ప్రకారం, ఈ పద్ధతి వల్ల పళ్ళూ కూరగాయల అమ్మకాలు పెరగలేదు, పొగాకు, కూల్‌డ్రింకుల అమ్మకాలు తగ్గలేదు.

అయినా ఆలోచన ఆగలేదు. 2014లో గనుల వ్యాపారి ఆండ్రూ ఫారెస్ట్ ప్రభుత్వానికిచ్చిన నివేదికలో 'హెల్దీ వెల్ఫేర్ కార్డ్' అన్నారు. పేరులో ఆరోగ్యం ఉంది. 2016లో సెడూనాలో అది 'క్యాష్‌లెస్ డెబిట్ కార్డ్'గా మొదలైనప్పుడు భృతిలో 80 శాతం అందులోకి వెళ్ళింది. తర్వాత మరికొన్ని ప్రాంతాలకు పాకింది. 2022లో పార్లమెంటు రద్దు చేస్తే 2023 మార్చిలో ముగిసింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. కార్డు వల్ల బంధువులు డబ్బు కోసం పీడించడం తగ్గిందని, పిల్లలకు తిండి మిగిలిందని చెప్పిన ఆదిమవాసి స్త్రీలూ ఉన్నారు. వాళ్ళ మాట తీసిపారేయరానిది. కానీ కావాలనుకున్నవాళ్ళకు ఇవ్వడం వేరు, ఊరందరి మెడకూ తగిలించడం వేరు.

ఏది పనిచేసింది?

నార్దర్న్ టెరిటరీలోని 20 మారుమూల సముదాయాల్లో పళ్ళకూ కూరగాయలకూ 20 శాతం ధర తగ్గించి చూశారు. 2017లో ప్రచురించిన ఫలితం ప్రకారం వాటి కొనుగోలు దాదాపు 13 శాతం పెరిగింది. మరో ప్రయోగంలో మారుమూల ప్రాంతాల్లోని 10 దుకాణాల్లో తీపి సరుకులను ముందు వరుసలోంచి తీసేశారు, వాటిపై ప్రచారం ఆపేశారు. చక్కెర కొనుగోలు తగ్గింది, దుకాణానికి నష్టం రాలేదు. ఆ దుకాణాలు ఆదిమవాసి సంస్థవి. పైనుంచి ఉత్తర్వుతో వచ్చిన మార్పు కాదది. వందల కిలోమీటర్లు లారీలోనో పడవలోనో వచ్చిన టమాటాకు నగరంలో కంటే ఎంతో ఎక్కువ ధర పెట్టాల్సిన చోట కార్డుకు ఎన్ని నియమాలు పెట్టినా టమాటా చవక కాదు.

మన గడ్డ మీద కూడా ఈ పాఠమే ఉంది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకే కిలో బియ్యం ఇచ్చి కోట్లమంది ఆకలి తీర్చింది. మెట్ట ప్రాంతాల్లో జొన్న, సజ్జలను ఆ తెల్లబియ్యం వెనక్కి నెట్టిందన్న విమర్శా వచ్చింది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990లలో బీడు పొలాలు సాగుచేసి, పండిన జొన్నలను తమ ఊరి పేదలకు తామే తక్కువ ధరకు పంచుకున్నాయి. ఎవరికి అవసరమో కూడా ఊళ్ళోవాళ్ళే తేల్చుకున్నారు. మంచి తిండి పళ్ళెంలోకి వచ్చింది. ఎవరి చెయ్యీ ఎవరూ పట్టుకోలేదు.

పేదలు ఆరోగ్యంగా తినాలన్నది మంచి కోరికే. అయితే ఈ దేశపు చరిత్రలో పైనుంచి పళ్ళెం నిర్ణయించిన ప్రతిసారీ అది పెట్టేవాడి వీలు చూసుకుంది గానీ తినేవాడి ఒళ్ళు చూడలేదు. 2019 నుంచి వచ్చినవారిలో చాలామంది ఎక్కువ భృతుల కోసం నాలుగేళ్ళు ఆగాలి. మనలోనూ రేపు ఎవరికి ఏ అవసరం పడుతుందో తెలియదు. అందుకే మనం అడగవలసింది "వాళ్ళను ఏం కొననివ్వకూడదు?" అని కాదు. "వాళ్ళ ఊరి దుకాణంలో టమాటా ఎంత?" అని.