చివరి వరస ఎవరిది? (మా పల్లె చదువుల చరిత్ర – 9)



గత భాగం చదివి ఒంగోలు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి మెసేజ్ పెట్టాడు. "సార్, మా పల్లెలో ఐదో తరగతి పిల్లలు రెండో తరగతి పుస్తకం చదవలేకపోతున్నారు. సాయంత్రం పూట మేం నలుగురం కూర్చోబెట్టి చెబుదామనుకుంటున్నాం. ఎట్లా మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు. కానీ దీని వెనక రెండొందల ఏళ్ల చరిత్ర ఉంది. అది తెలియకుండా మొదలుపెడితే మనం కూడా పాత తప్పే చేస్తాం.

ముందు నా సంగతి. మూడో తరగతిలో మా అయ్యవారు క్లాసును మూడు గుంపులు చేశారు. బాగా చదివేవాళ్లు, ఓ మాదిరివాళ్లు, చదువు రానివాళ్లు. మూడో గుంపు చివరి వరసలో, కిటికీ పక్కన. అందులో నేనున్నాను. ఆ వరసలో అందరం పల్లె పిల్లలమే. కులం పేరు ఎవరూ ఎత్తలేదు. "వీళ్లకు చదువు రాదు" అన్నారు, అంతే. ఆ ఏడు మిరప కోతలకు అమ్మ వెంట పోయి కల్లంలో తాలుకాయలు ఏరాను. రెండు నెలల తర్వాత బడికొచ్చేసరికి ఒత్తులు అయిపోయాయి. సంవత్సరం మొత్తంలో నేను గట్టిగా చదువుతుంటే విన్న పెద్దమనిషి ఒక్కరూ లేరు.

పిల్లల్ని గుంపులు చేయడం తప్పా? కాదు. ఆ పద్ధతి మన నేల మీద పాతదే.

1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో అన్ని జిల్లాల కలెక్టర్లనూ బడుల లెక్కలు పంపమన్నాడు. గుంటూరు నుంచీ లెక్క వెళ్లింది. బడి లోపల ఏం జరుగుతుందో వివరంగా రాసినవాడు మాత్రం బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చు వేసింది ఈయనే. అప్పుడు బళ్లారి జిల్లాలో తెలుగు, కన్నడ బడులు రెండూ ఉండేవి. 1823 ఆగస్టులో ఆయన పంపిన నివేదిక ప్రకారం, వచ్చిన చదువును బట్టి పిల్లల్ని తరగతులుగా విడగొట్టేవాళ్లు. చిన్నవాళ్లకు పెద్ద పిల్లలు చెప్పేవాళ్లు. పంతులు పెద్దవాళ్లను చూసుకునేవాడు. ఈ ఏర్పాటును క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. అంతకుముందే మద్రాసు అనాథ బాలుర ఆశ్రమంలో ఆండ్రూ బెల్ ఇట్లాంటి పద్ధతినే నడిపి 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. ఇంగ్లండులో దానికి "మద్రాసు పద్ధతి" అని పేరొచ్చింది.

క్యాంప్‌బెల్ ఇంకో మాట కూడా రాశాడు. పిల్లలు కావ్యభాషలో ఉన్న పద్యాలు గడగడా అప్పజెబుతారు, అర్థం మాత్రం తెలియదు, అవి చిలకపలుకులు అని. పైకి ధారాళంగా వినపడేదంతా చదవడం కాదని రెండొందల ఏళ్ల కిందటే ఒక కలెక్టరుకు అర్థమైంది.

ఇక అసలు సంగతి. మన్రో లెక్కల పట్టికల్లో బ్రాహ్మణ, వైశ్య, శూద్ర, ఇతర కులాలు, ముస్లిములు అని గడులున్నాయి. మాల, మాదిగలకు విడిగా గడి లేదు. పద్ధతి మంచిదే. ఆ వలయంలో ఎవరిని కూర్చోనిస్తారన్నది కులం తేల్చింది.

మన వలయం తర్వాత మొదలైంది. 1842 జులైలో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరాడు. 1866లో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. మొదట్లో ఆయన దగ్గరికి పై కులాల పిల్లలు చదువుకోడానికి వచ్చారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం ఉండమని బ్రాహ్మణులు కబురు పెట్టారు. క్లౌ మాదిగల్ని చేర్చుకున్నాడు, వాళ్లు వెళ్లిపోయారు. 1876–78 కరువు తర్వాత, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మతం మార్పు గురించి వాదించేవాళ్లు వాదించుకోనీయండి. నా ప్రశ్న వేరు. బైబిలు ఎవరికి వాళ్లు చదువుకోవాలని చెప్పే మతంలోకి అన్ని వేల మంది నిరక్షరాస్యులు ఒక్కసారి వస్తే, చదవడం ఎవరు నేర్పాలి?

దొరలు నేర్పలేదు. అంతమంది దొరలు లేరు. అక్షరం వచ్చిన మాదిగ, మాల యువకులే పల్లెల్లో పంతుళ్లయ్యారు. చాలాచోట్ల ఒక్కడే బోధకుడు, ఒక్కడే పంతులు. పగలు గొడ్లు కాసే పిల్లలకు రాత్రిపూట బడి. 1893లో మద్రాసు ప్రభుత్వం పంచమ విద్య కోసం ఇచ్చిన జీవోలో ప్రత్యేక రాయితీలూ, పంచమ ఉపాధ్యాయుల శిక్షణకు ప్రోత్సాహమూ ఉన్నాయి. అంటే మనవాడే మనకు చెప్పాలన్న సంగతి సర్కారు కాగితాల్లోకి కూడా ఎక్కింది. 1895లో వినుకొండలో పుట్టిన జాషువ గుంటూరులో ఉపాధ్యాయుడిగా బతికాడన్నది ఈ చరిత్రలో భాగంగానే చూడాలి. మనం ఆయన్ని కవిగా పూజిస్తాం, పంతులుగా మర్చిపోతాం.

మా నాయనమ్మ బడి మొహం చూడలేదు. ఆమెకు కీర్తనలు నోటికొచ్చు. ఆదివారం గుడిలో నలుగురైదుగురు ఆడవాళ్లు ఒక్క కీర్తనల పుస్తకం మధ్యలో పెట్టుకుని, పాడుతూ వేలు జరిపేవాళ్లు. పాట ముందే తెలుసు కాబట్టి, ఏ అక్షరం ఏ శబ్దమో వేలికి తెలిసిపోయింది. అదే పాట వందసార్లు. మూడో తరగతి వేసవిలో నన్ను మంచం మీద కూర్చోబెట్టుకుని అట్లాగే చదివించింది. "వొత్తు కింద చూడు, మళ్లీ పైకి రా" అనేది. ఆ వేసవి తర్వాత నేను చివరి వరసలో లేను.

పీహెచ్‌డీ చేసేటప్పుడు తెలిసింది, నాయనమ్మ చేసిందానికి అమెరికాలో ఒక పేరుందని. జే శామ్యూల్స్ అనే పరిశోధకుడు 1979లో "మళ్లీ మళ్లీ చదివించడం" అనే పద్ధతి మీద వ్యాసం రాశాడు. పిల్లవాడి బుర్ర అంతా అక్షరాలు కూడబలుక్కోవడానికే ఖర్చయిపోతే అర్థానికి ఏమీ మిగలదు. ఒకే చిన్న భాగాన్ని నాలుగైదుసార్లు చదివితే అక్షరం కష్టం తగ్గి మనసు అర్థం మీదికి పోతుంది. ధారాళత అంటే వేగం కాదు, అర్థానికి చోటు దొరకడం.

తెలుగులో ఈ కష్టం ఇంకాస్త ఎక్కువ. "వెళ్లాల్సివచ్చింది" అన్నది ఒకటే మాట. కన్ను అక్షరం మీదికి, ఒత్తు కోసం కిందికి, మళ్లీ పక్కకు పోవాలి. కూడబలుక్కునే పిల్ల చివరికి వచ్చేసరికి "వె" మర్చిపోతుంది. అందుకే నిమిషానికి ఇన్ని మాటలని ఇంగ్లీషు కొలత తెచ్చి పెట్టకూడదు. ఎన్‌సీఈఆర్‌టీ 2022 అధ్యయనంలో ఒక్కో భాషకు వేరుగా ప్రమాణం పెట్టింది అందుకే.

ఇప్పటి కాలానికి వద్దాం. 2005 నుంచి అసర్ సర్వే పిల్లల్ని ఇంటిదగ్గరే ఒక్కొక్కరిగా చదివించి చూస్తోంది: అక్షరం, మాట, చిన్న పేరా, కథ. 2001–03 మధ్య ముంబై, వడోదరల్లో ప్రథమ్ సంస్థ బాలసఖి కార్యక్రమాన్ని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం పరీక్షించింది. వెనకబడిన 15–20 మంది పిల్లలకు రోజుకు రెండు గంటలు స్థానిక యువతి చెబితే ఫలితం కనపడింది. ప్రపంచం దీన్ని కొత్త సంగతిగా మెచ్చుకుంది. మంచిదే. మన పల్లె పంతులు చేసింది కూడా అదే. తేడా ఏమిటంటే ఆయన్ని ఎవరూ కొలవలేదు.

మరి నా మూడో తరగతి గుంపు ఎందుకు పనిచేయలేదు? మూడు కారణాలు. ఒకటి, ఆ గుంపు నుంచి బయటికి దారి లేదు. జూన్‌లో కూర్చున్నవాడు ఏప్రిల్‌లోనూ అక్కడే. రెండు, ఆ గుంపుకు చెప్పే మనిషి లేడు. మూడు, గుంపు గీత పల్లె గీత మీదే పడింది. దారి లేని గుంపు వెలివాడ. చదువు పేరుతో గీసినా అది వెలివాడే.

కాబట్టి ఒంగోలు తమ్ముడికీ, సాయంత్రం బడి పెడదామనుకునే అందరికీ నా మాట:

ఒక్కరికి ఐదారుగురు పిల్లలు మించొద్దు. మొదటిరోజు ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, మిగతావాళ్ల ముందు కాకుండా, చదివించి వినండి. ఎక్కడ ఆగుతున్నారో రాసుకోండి. గుణింతం దగ్గరా, ఒత్తు దగ్గరా, పొడవు మాట దగ్గరా? వాళ్ల మాటలతోనే మొదలుపెట్టండి: పత్తి, మిర్చి, కల్లం, ముఠా, కూలి. వాళ్లు చెప్పిన నాలుగు వాక్యాలు మీరు రాసి, అదే పాఠం చేయండి. ముందు మీరు చదవండి, తర్వాత అందరూ కలిసి, తర్వాత ఇద్దరిద్దరు, చివరికి ఒక్కొక్కరు. అదే పేరా మూడు రోజులు. ప్రతి పిల్లా రోజూ గట్టిగా చదవాలి, ఎవరో ఒకరు వినాలి. చదివాక "ఏం జరిగింది?" అని అడగండి, లేకపోతే క్యాంప్‌బెల్ చూసిన చిలకలే తయారవుతాయి. నెలకోసారి మళ్లీ విని గుంపులు మార్చండి. కోతలకు పోయి వచ్చిన పిల్లకు "ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావ్" అనకండి, ఆగిన పేజీ తీయండి.

ఇంకొకటి. మన ఉచిత సేవ బడికి బదులు కాకూడదు. పల్లె నుంచే చదివించే యువతులను జీతమిచ్చి పెట్టమని అడగాలి. 1893లో అడగగలిగింది 130 ఏళ్ల తర్వాత అడగలేమా?

కారంచేడు, చుండూరు తర్వాత మనం చాలా నేర్చుకున్నాం. ఎఫ్‌ఐఆర్‌లో ఏం రాశారో చదవకుండా సంతకం పెట్టకూడదన్నది అందులో ఒకటి. చదవడమంటే నాకు అదీ. ఈ రాత్రి మీ వీధిలో ఏదో ఒక పిల్ల చివరి వరస నుంచి ఇంటికొచ్చి ఉంటుంది. పది నిమిషాలు కూర్చుని ఆమె చదివేది వినండి.

వచ్చే భాగంలో రాత్రిబడుల గురించి. మీ అమ్మమ్మలు, నాయనమ్మలు చదవడం ఎట్లా నేర్చుకున్నారో కామెంట్లలో రాయండి.

జై భీమ్.