ముందు గొట్టం, తర్వాతే డిస్కు

ఆదివారం పొద్దున. నల్లకుంట కూరగాయల మార్కెట్టు వెనక సందులోకి తిరగండి. రేకుల షెడ్డులో తెల్ల అంబాసిడర్, 1977 నాటి మార్క్ 3, ముందు చక్రాలు ఊడి స్టాండ్ల మీద ఉంది. మెకానిక్ ఉస్తాద్ అప్పుడే బ్రేకు డ్రమ్ము లాగాడు. లోపల ఏముందో చూద్దామని మీరు వంగబోతే చెయ్యడ్డం పెడతాడు.

"ఊదకుండ్రి సార్. ఆ దుమ్ము మంచిది కాదు."

పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. అందుకే గాలి కొట్టడు, తడిగుడ్డతో తుడుస్తాడు. తుడిచాక అసలు సంగతి బయటపడుతుంది. లైనరు అరిగి రివెట్ల దాకా వచ్చింది, డ్రమ్ము మీద గాడి పడింది. వీల్ సిలిండర్ రబ్బరు మూత ఎత్తితే లోపల తడి. ఇన్నాళ్లూ బండి ఎట్లా ఆగిందో అని దాని ఓనరు, బర్కత్‌పురా పెద్దాయన వైపు చూస్తారు మీరు. ఆయన మాత్రం మూలనున్న గోనెసంచి వైపు చూస్తున్నాడు. ఇసుజు ఇంజన్‌తో వచ్చిన తర్వాతి అంబాసిడర్ల ముందు డిస్కులు, క్యాలిపర్లు, హబ్బులు అందులో ఉన్నాయి. బేరమాడి తెచ్చుకున్నాడు.

"ఇంక అవి ఎక్కించేద్దాం ఉస్తాద్."

ఉస్తాద్ సంచి జోలికి పోడు. చక్రం దగ్గరి రబ్బరు గొట్టాన్ని వేళ్లతో వంచి మీకు చూపిస్తాడు. సన్నటి పగుళ్లు. "ఇది పగిలిందనుకో, నాలుగు చక్రాల బ్రేకులూ ఒక్కసారే పోతయ్. డిస్కులుంటే ఏంది, లేకుంటే ఏంది?"

ఈ బండిలో బ్రేక్ ఆయిల్ అంతా ఒకే లైను. ఎక్కడ కారినా పెడల్ నేల తాకుతుంది, మిగిలేది చేతిబ్రేకే. అమెరికాలో 1968 మోడళ్ల నుంచే రెండు లైన్లు తప్పనిసరి చేశారు. మన రోడ్ల మీద ఒంటి లైను బండ్లు ఆ తర్వాతా చాన్నాళ్లు తిరిగాయి. కాబట్టి ఉస్తాద్ ముందు బిగించేది రెండు గదుల మాస్టర్ సిలిండర్, ముందు చక్రాల లైనుకొకటి, వెనక చక్రాల లైనుకొకటి. కొత్త స్టీలు పైపులు, కొత్త రబ్బరు గొట్టాలు, వెనక డ్రమ్ములకు కొత్త వీల్ సిలిండర్లు. చూడ్డానికి ఇందులో ఏమీ ఉండదు, ఫొటో తీసి ఎవరికీ పంపలేం. నన్నడిగితే ఖర్చులో మొదటి రూపాయి ఇక్కడే పడాలి.

సంచి విప్పే వేళకు ఎండెక్కింది. డిస్కు పెట్టడమంటే డ్రమ్ము తీసి దాన్ని తగిలించడం కాదు. కొన్ని డ్రమ్ము బ్రేకుల్లో చక్రం తిరిగే ఊపే షూను ఇంకా లోపలికి లాక్కుని సాయం చేస్తుంది. డిస్కుకు ఆ సాయం లేదు, కాలితోనే గట్టిగా తొక్కాలి. అందుకని ముందు లైనుకు వాక్యూమ్ బూస్టర్ తగిలిస్తారు. పెట్రోల్ బండి కనుక ఇంజన్ మానిఫోల్డ్ నుంచే గొట్టం లాగొచ్చు. డీజిలైతే వేరే వాక్యూమ్ పంపు కావాలి. ఇంకో చిక్కు. డ్రమ్ముల లైన్లో కొద్దిపాటి ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. అది డిస్కు లైన్లో మిగిలిపోతే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కుతాయి. చివరగా ఉస్తాద్ రిమ్ము పెట్టి చేత్తో తిప్పి, క్యాలిపర్‌కు తగలడం లేదని చెవి పెట్టి మరీ వింటాడు.

ఇప్పుడు మీకే పని, లైన్లలోని గాలి తీయాలి. డ్రైవర్ సీట్లో కూర్చోబెడతాడు. బండి కింద నుంచి గొంతు.

"కొట్టుండ్రి... ఇంక కొట్టుండ్రి... పట్టుండ్రి!"

తొక్కి పట్టుకుంటారు. కింద నిపుల్ వదులవగానే పెడల్ మీ కాలి కింద జారిపోతుంది. భయపడకండి, కాలు మాత్రం తీయకండి. తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరమైన ఎడమ వెనక చక్రంతో మొదలు. సీసాలోకి ఆయిల్ దిగుతుంది, దాంతో బుడగలు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల సెల్సియస్ పైనే మరుగుతుంది. తేమ పట్టాక అది 140కి పడిపోవచ్చు. మరిగితే ఆవిరి, ఆవిరుంటే పెడల్ మెత్తబడుతుంది. చివరి చక్రానికి వచ్చేసరికి మీ పిక్క నొప్పెడుతుంది, పెడల్ మాత్రం సగంలోనే గట్టిగా నిలుస్తుంది.

ముందు సందులోనే, నడక వేగంలో తొక్కి చూస్తారు. ఆ తర్వాతే పెద్దాయన స్టీరింగ్ పట్టి ఫీవర్ ఆస్పత్రి మీదుగా వీఎస్‌టీ వైపు పోనిస్తాడు. అక్కడి నుంచి 2023లో తెరిచిన స్టీలు వంతెన ఎక్కితే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, అశోక్‌నగర్ కాళ్ల కిందుగా పోతాయి. వెనక బండ్లు లేవని చూసుకుని ఆయన మెల్లగా తొక్కుతాడు, వదులుతాడు, మళ్లీ తొక్కుతాడు. కొత్త ప్యాడ్లు డిస్కుకు ఇట్లాగే కుదురుకోవాలి. స్పీడు 40 నుంచి 60కి పెరిగితే ఆపడానికి కరిగించాల్సిన శక్తి రెండింతలు దాటుతుంది, అదంతా బ్రేకుల దగ్గర వేడే. డిస్కు ఆ వేడిని గాలికి వదిలేస్తుంది, డ్రమ్ము లోపలే దాచుకుంటుంది. అంతేగానీ టైరు పట్టు లేకపోతే డిస్కు ఒక్క అడుగు ముందు కూడా ఆపలేదు.

ఇందిరా పార్కు వైపు దిగుతుంటే ఎదురుగా ఆటో అడ్డం తిరుగుతుంది. బండి పక్కకు లాగకుండా ఆగుతుంది. మీరు డాష్‌బోర్డు పట్టుకున్న చెయ్యి తీస్తారు.

"చౌమహల్లాలో నిజాం రోల్స్‌రాయిస్ చూశావా?" అంటాడు పెద్దాయన. చూసే ఉంటారు, 1912 నాటిది. ఆ కాలం రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టులకు ముందు చక్రాల బ్రేకులే లేవు. అప్పటి రోడ్ల మీద ఇన్ని ఆటోలు లేవు మరి.

షెడ్డు చేరగానే ఊడిన డ్రమ్ములకు నూనె రాసి, గుడ్డ చుట్టి డిక్కీలో పెట్టించుకుంటాడాయన. మంచి పని. 2021 జులై కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపుకు బండి 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. బ్రేకుల మార్పు సంగతి ఆర్టీవో ఆఫీసులో ముందే కనుక్కోవడం మేలు, అసలు సామాను దాచుకోవడం ఇంకా మేలు.

మీ వాకిట్లోనూ కవరు కప్పిన పాత బండి ఉంటే, డిస్కుల బేరం తర్వాత. ఈ వారమే మెకానిక్‌ను పిలిచి ఆ రబ్బరు గొట్టాలు వంచి చూడమనండి. పగుళ్లుంటే మార్చేదాకా బండి బయటికి తీయకండి.